దొమ్మ రోగపు విత్తనం

టైడా మీదుగా అరకు ఎక్కే కొండలలో గిరిజన కుటుంబానికి పశువే దుక్కి, పశువే ఆస్తి. అది చచ్చినపుడు మాంసం పారవేయడానికి పేదవానికి మనసొప్పదు. అటువంటి మాంసం కోయడం, తినడం వలన దొమ్మ రోగం, అనగా ఆంత్రాక్స్, అరకు మన్యంలో మనుషులకు పలుమార్లు సోకింది. కోసిన చేతి మీద నొప్పిలేని పొక్కు లేచి నల్లగా చెక్కు కడుతుంది. ఇన్ని మందులు వచ్చినా ఇది ఎందుకు పోలేదు? ఆ క్రిమి కట్టడిని చూస్తే తెలుస్తుంది.

1876లో జర్మనీలో రాబర్ట్ కోచ్ అనే పల్లెటూరి డాక్టరు ఈ క్రిమిని సూక్ష్మదర్శినిలో పెంచి చూశాడు. పుల్లలాంటి క్రిములు పొడుగై దారాలయ్యాయి, వాటిలో గింజల వంటివి ఏర్పడ్డాయి. ఆ గింజల నుండి మళ్ళీ క్రిములు పుట్టాయి. వాటినే స్పోర్లు అంటారు.

ఒంట్లో పెరిగే క్రిమికి మందమైన గోడ, పైన జిగురు తొడుగు ఉంటాయి. తొడుగు వలన తెల్ల రక్తకణాలు దాన్ని మింగలేవు. అది ఒకటి రెండుగా చీలుతూ విషం వదులుతుంది. పెన్సిలిన్ ఆ గోడను కట్టనివ్వదు. టెట్రాసైక్లిన్ జాతి మందులు లోపల ప్రొటీన్ల తయారీని ఆపుతాయి. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో అమెరికాలో లెడర్లీ కంపెనీ వెల్లడించింది. కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధనశాల డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. (మనవాడని చెప్పుకోవడానికి మనకెప్పుడూ తొందరే, కాని ఈ సంగతి నిజం.) ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. 2001లో అమెరికాలో ఉత్తరాల ద్వారా ఆంత్రాక్స్ పంపినపుడు, అదే జాతికి చెందిన డాక్సీసైక్లిన్‌ను కూడా వాడారు.

ఐతే ఈ మందులన్నీ పెరుగుతున్న క్రిమినే పడతాయి. స్పోరు తినదు, పెరగదు, గోడ కట్టదు. మందుకు అక్కడ పనేముంది? ఊపిరితో స్పోర్లు పీల్చినవారికి 60 రోజులు మందివ్వడం అందుకే: అవి ఆలస్యంగా మొలకెత్తినా మందు సిద్ధంగా ఉండాలి. 1942లో బ్రిటిష్ వారు ప్రయోగం చేసిన స్కాట్లాండు దీవి గ్రూయినార్డు, ఫార్మలిన్ చల్లి శుభ్రం చేశాక 1990లో గాని మనుషులకు పనికి రాలేదు.

స్పోరు కట్టడానికి గాలి కావాలి. కోయని కళేబరం లోపల క్రిములు కుళ్ళులోనే నశిస్తాయి. కత్తి పెట్టి నెత్తురు నేల మీద పడనిస్తే అక్కడ కొన్ని పదుల ఏళ్ళకు సరిపడా విత్తనం చల్లినట్టే. అందుచేత అనుమానపు చావు జరిగినపుడు కోయకుండా లోతుగా పూడ్చమనీ లేదా కాల్చమనీ, మిగిలిన మందకు టీకా వేయించమనీ పశువైద్యులు చెబుతారు. చేతి మీద పొక్కు లేస్తే ఆస్పత్రికి పోవాలి, తొందరగా పోతే చర్మపు రోగం చాలావరకు నయమవుతుంది.