జౌహర్: ఉక్కు కడుపులోని రాత

ఉర్దూలో 'జౌహర్' అని ఒక లఫ్జ్ ఉంది. రత్నం అని ఒక అర్థం. మనిషిలోని అసలు గుణం అని ఇంకొకటి. మూడో అర్థం ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. మేలైన ఉక్కు కత్తి మీద నీటి అలల్లా కనిపించే గీతల్ని కూడా జౌహర్ అనే అనేవాళ్లు. గాజు అద్దాలు రాకముందు నున్నగా తోమిన లోహమే ఆయినా. అందుకే షాయరీలో ఆయినా పక్కనే జౌహర్, జంగ్, సైకల్ అనే మాటలు కనిపిస్తాయి. జంగ్ అంటే ఇక్కడ యుద్ధం కాదు, తుప్పు. సైకల్ అంటే మెరుగు పెట్టడం. ఆ పని చేసే ఉస్తాద్ సైకల్‌గర్. ఉర్దూ మీడియం బడిలో ఈ మాటల్ని ఇష్క్ కబుర్లుగానే చదివాం. వాటి వెనక ఒక కొలిమి ఉంది, ఒక మైక్రోస్కోపు కూడా ఉంది.

కొలిమి మన దగ్గరిదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూత బిగించి, కరిగించి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. హెన్రీ వాయ్సీ అనే సర్వే శాఖ దొర ఆ పనిని కళ్లారా చూసి రాసినది 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కోసం ఇరాన్ నుంచి తాజిర్లు ఇంత దూరం వచ్చేవాళ్లు. చేసింది మన ఊరి కమ్మరులు, కొన్నది ఇరానీ ముసల్మానులు. అరబ్బీలో హిందుస్తానీ ఉక్కు కత్తికి 'ముహన్నద్' అని వేరే పేరే ఉంది. 9వ శతాబ్దంలో అల్ కిందీ కత్తుల రకాల మీద ఒక రిసాలా రాశాడు. అందులోనూ హింద్ ప్రస్తావన ఉంది. ఇంగ్లీషువాళ్లు ఈ ఉక్కును 'వుట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అనే మాటే వాళ్ల నోట అలా మారిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ వుట్జ్ గురించి వివరించాడు. తర్వాత మైకేల్ ఫారడే దాని మీద తజుర్బాలు చేశాడు. అయినా జౌహర్ ఎక్కడి నుంచి వస్తుందో తేలలేదు. కారణం ఒకటే: ఉక్కు లోపల ఏముందో చూసే నజర్ అప్పటికి లేదు. మామూలు మైక్రోస్కోపులో రోష్నీ కింది నుంచి వచ్చి, పలుచని నమూనాలోంచి దూరి మన కంటికి చేరుతుంది. ఉల్లిపొర, రక్తపు చుక్క అలా కనిపిస్తాయి. ఉక్కులోంచి వెలుతురు దూరదు కదా!

1863లో ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో హెన్రీ క్లిఫ్టన్ సార్బీ దీనికి దారి చూపాడు. ఉక్కు ముక్కను అద్దంలా తోమాడు. పలుచని ద్రావకంలో కాసేపు ఉంచి పైపొర కొద్దిగా తినిపించాడు. వెలుతురును పై నుంచే వేసి, తిరిగి వచ్చే ప్రతిబింబాన్ని చూశాడు. ఆలోచించండి, మన సైకల్‌గర్ చేసిన పనీ అదే: తోమడం, ద్రావకం పూయడం, వెలుగులో తిప్పి చూడడం. తేడా అల్లా మధ్యలో ఒక కటకం. సార్బీ మాట రెండు దశాబ్దాలపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1880లలో ఇంకా ఎక్కువ పెద్దగా చూపే కటకాలతో మళ్లీ చూసి, ఉక్కులో ముత్యపు చిప్పలా మెరిసే పొరల్ని ఆయన వివరించాడు. ఇవాళ ఇంజనీరింగ్ పిల్లలు 'పెర్లైట్' అని చదువుకునేది దాన్నే.

ఆ తర్వాత కటకంలోంచే వెలుతురు కిందికి దిగే ఏర్పాట్లు మెరుగయ్యాయి. గొట్టంలో 45 డిగ్రీల వాలులో పెట్టిన పలుచని గాజు సగం వెలుగును కిందికి పంపుతుంది, తిరిగి వచ్చిన దాన్ని పైకి వదులుతుంది. 1950లలో జార్జ్ నొమార్స్కీ ఇంకో కమాల్ చేశాడు. పోలండ్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడ్డ మనిషి. ఆయన స్ఫటికపు ప్రిజం ఒకే కిరణాన్ని రెండుగా చీలుస్తుంది. రెండూ మైక్రాన్ కన్నా తక్కువ ఎడంతో లోహం మీద పడి, తిరిగి అదే ప్రిజంలో కలుస్తాయి. ఒకటి మెట్టు పైన, ఒకటి కింద పడితే, కింద పడ్డది కాస్త వెనకబడుతుంది. పోయి రావాలి కాబట్టి ఆ వెనకబాటు మెట్టు ఎత్తుకు రెట్టింపు. పోలరాయిడ్ ఫిల్టర్ దాన్ని వెలుగునీడగా మారుస్తుంది. కంటికి అందని కొద్ది నానోమీటర్ల తేడా కూడా గుట్టలా, లోయలా లేచి నిలబడుతుంది.

ఇలాంటి కళ్లతోనే 1990లలో జాన్ వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కత్తుల కమ్మరి కలిసి జౌహర్ గుట్టు విప్పారు. ఖనిజంతో వచ్చిన వనేడియం లాంటి లోహాలు లేశమాత్రం ఉన్నా చాలు. ఉక్కును మళ్లీ మళ్లీ కాల్చి సాగదీస్తుంటే కార్బైడ్ గింజలు వరుసలు కడతాయి. ఆ వరుసలే పైకి తేలి అలలవుతాయి. వనేడియం అనే పేరు పుట్టిందే 1830లో. కొలిమి ముందున్న ఉస్తాద్‌కి ఆ పేరు తెలియదు. ఏ ఖనిజం పనికొస్తుందో, ఎంత వేడి చాలో మాత్రం బాగా తెలుసు.

గత శతాబ్దపు మెటలర్జికల్ మైక్రోస్కోపులు ఇప్పుడు ప్రయోగశాలల నుంచి తుక్కులోకి పోతున్నాయి. వాటికి మళ్లీ జాన్ పోయడం పెద్ద విద్యేమీ కాదు. సబర్ కావాలి, అంతే. మరలు తిరగకపోతే బలవంతం చేయొద్దు; లోపల పాత గ్రీజు రాయిలా గడ్డకట్టి ఉంటుంది. ద్రావణితో కరిగించి, తుడిచి, కొత్తది పలుచగా పూయాలి. కటకాన్ని గుడ్డతో రుద్దే ముందు దుమ్మును ఊదేయాలి, లేకపోతే ఇసుక రేణువు గీత పెడుతుంది. ఆబ్జెక్టివ్‌ను విప్పనే కూడదు. జీవశాస్త్రపు ఆబ్జెక్టివ్‌లు సాధారణంగా 0.17 మిల్లీమీటర్ల గాజు పలక కోసం చేసినవి, లోహానికి వాడేవి పలక లేకుండా చూడ్డానికి చేసినవి. నొమార్స్కీ ప్రిజం ఏ ఆబ్జెక్టివ్ కోసం చేశారో దానితోనే జోడీ కుదురుతుంది. అతుకు ఊడిన ప్రిజం మీద రంగుల మరకలు కనిపిస్తాయి. అలాంటిది కొనే ముందు రెండుసార్లు ఆలోచించండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. నొమార్స్కీ చిత్రంలో గుట్టని గుంత అనుకోవచ్చు. ప్రిజాన్ని ఒక పక్కకి జరిపితే ఎత్తుగా కనిపించింది, ఇంకో పక్కకి జరిపితే లోతుగా కనిపిస్తుంది. తవారీఖ్‌ని కూడా మనం ఇలాగే ఒక్క పక్క నుంచే చూస్తుంటాం. అన్నీ మనవాళ్లే కనిపెట్టారనే మాట మన మహఫిళ్లలో వినిపిస్తూ ఉంటుంది. ఇబ్నుల్ హైసమ్ 11వ శతాబ్దంలో 'కితాబుల్ మనాజిర్' రాశాడు. వెలుతురు ఎలా తిరిగి వస్తుందో, ఎలా వంగుతుందో తజుర్బా చేసి చూపాడు. అది హకీకత్. కానీ ఆయన మైక్రోస్కోపు చేయలేదు. అది యూరప్‌లో 1600 ప్రాంతంలో పుట్టింది. ఆయన్ని గౌరవించాలంటే అబద్ధం అక్కర్లేదు. బస్రాలో పుట్టిన ఆలిమ్, కోనసముద్రం కమ్మరి, ఇరానీ తాజిర్, షెఫీల్డ్ సార్బీ, అందరి మెహనత్ కలిస్తేనే జౌహర్ కనిపించింది.

కోనసముద్రం గురించి రాసిన దొర పేరు మనకు మిగిలింది. మూస పట్టిన ఉస్తాదుల పేర్లు మనదాకా రాలేదు. మన ఇళ్లలో గడియారాలు, కెమెరాలు, కుట్టు మిషన్లు బాగుచేసిన పెద్దవాళ్లు ఎందరో. వాళ్ల హునర్‌ని 'చదువు లేని పని' అంటున్నాం. వాళ్లు బతికుండగానే పక్కన కూర్చుని, ఏ మర ఎందుకు అలా తిప్పాలో అడిగి రాసుకోండి. పైన వాళ్ల పేరు కూడా రాయండి.