లొట్టి, సీసా, డబ్బా

నారాయణరావుపేట శివారులో చెరువు కట్ట దిగితే ఈతవనం. డిసెంబరు పొద్దు, గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. చెట్టు మొవ్వు కింద వేలాడుతున్నది కల్లు లొట్టే. ఇరుకు మూతి, గుండ్రటి పొట్ట, మెడకు తాడు, అన్నీ లొట్టివే. రంగు మాత్రం నీలం. గాలికి ఊగి మాను మీద తగిలినప్పుడు మట్టి చప్పుడు రాలేదు, ఖాళీ బకెట్ చప్పుడు వచ్చింది.

పక్క చెట్టుకు అదీ లేదు. మెడ కోసేసిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఒకటి, దానికి ఇనుప తీగ చెవులు. ఆ వరస చివరన, ముసలి ఈత చెట్టుకు, ఒకే ఒక్క మన్ను లొట్టి. మూతి చుట్టూ ఎండిన నురుగు తెల్లగా పట్టి ఉంది. చుట్టూ తేనెటీగలు.

సిద్దిపేట జిల్లాలో మండల కేంద్రమైన ఈ ఊళ్లో కల్లు గీత చూద్దామని వెళ్లాను. చెట్టు కంటే, కత్తి కంటే, చెట్టుకు కట్టే పాత్రే నన్ను పట్టుకుంది. కల్లు కథను పాత్రల కథగా చెప్పుకోవచ్చునని ఆ పొద్దున అనిపించింది. మొదట మన్ను, తర్వాత గాజు, ఇప్పుడు ప్లాస్టిక్. ఈ మూడింటిలో కల్లును చెడగొట్టింది ఏది అని అడిగితే చాలామంది ప్లాస్టిక్ అనే అంటారు. నేనూ అట్లాగే అనుకుని వెళ్లాను.

ముందు లొట్టి సంగతి. సిద్దిపేట చుట్టుపక్కల కుండకు ఉన్న వయసు చిన్నది కాదు. 2017లో పురావస్తు శాఖ పుల్లూరులో, నర్మెట్టలో రాక్షస గుళ్లు తవ్వినప్పుడు సమాధుల్లో ఎముకల పక్కన మట్టి కుండలు బయటపడ్డాయి. ఇనుప యుగపు మనుషులు చచ్చినవాడి వెంట కుండను కూడా పంపేవారు. వాటిలో ఏం పోసి పంపారన్నది పక్కన పెడితే, ఈ నేల మన్నుకు సారె ఎక్కడం ఎంత పాత అలవాటో చెప్పడానికి ఆ ఒక్క తవ్వకం చాలు.

గీసేవాడి లొట్టి వంటకుండ లాంటిది కాదు. మూతి ఇరుకుగా ఉండాలి, లేకపోతే ఉడతా, చీమా, వాన చినుకూ అన్నీ లోపలికే. పొట్ట గుండ్రంగా ఉండాలి, పొంగిన నురుగుకు చోటు కావాలి. మెడ దగ్గర తాడు జారకుండా అంచు తిరగాలి. ఖాళీగానే కిలోకు పైన తూగుతుంది. పొద్దునకు నిండితే దాన్ని నడుముకు తగిలించుకుని, మోకు ముత్తాదుతో, కాళ్లకు గుజి వేసుకుని, మనిషి తాటి చెట్టు దిగాలి. తాటి చెట్టు యాభై అరవై అడుగులుంటుంది. జారితే లొట్టి ఒక్కటే పగలదు. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందంటే, ఈ చెట్లు ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పాయో ఊహించుకోవచ్చు.

అందుకే ఆ పొద్దున, "మన్ను లొట్టే మంచిది కదా తాతా" అని నేను అన్నప్పుడు, ఆ వనంలో కల్లు గీసే తాత నన్ను తిట్టలేదు, నవ్వలేదు కూడా. కత్తికి పదును పెడుతూనే చెప్పాడు.

"మంచిదే బిడ్డా. మరి మోసేటోడు ఎవడు? పొద్దుగాల ఇరువై చెట్లు, మాపటికి మల్ల గవే ఇరువై చెట్లు. నడుము లొట్టిదా, నాదా?"

ఈ మాట తర్వాత ప్లాస్టిక్‌ను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

అయినా లొట్టి ఏం చేస్తుందో చెప్పాలి, ఎందుకంటే అది పాత్ర మాత్రమే కాదు. కాల్చిన మన్ను నిండా కంటికి కనిపించని రంధ్రాలు. వాటిలోంచి తడి బయటికి చెమర్చి, గాలికి ఆరి, లోపలిదాన్ని చల్లబరుస్తుంది. వేసవిలో కూజాలో నీళ్లు చల్లబడేది ఇట్లాగే. ఆ రంధ్రాల్లోనే నిన్నటి కల్లు తాలూకు ఈస్ట్ కాపురం ఉంటుంది. చెట్టు నుంచి దిగే నీరు తియ్యనిది, నూటికి పది పన్నెండు పాళ్ల చక్కెర ఉంటుంది. అది లొట్టిలో పడిన క్షణం నుంచే పులియడం మొదలు. ఈస్ట్ చక్కెరను సారాయిగా, గాలిగా విడగొడుతుంది. దాంతో పాటు లాక్టిక్ బ్యాక్టీరియా పులుపు తెస్తుంది. జైమోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా కూడా సారాయి చేయడంలో ఈస్ట్‌తో పోటీ పడుతుంది. మెక్సికోలో కలబందను పోలిన అగేవ్ మొక్క రసంతో చేసే పుల్కే అనే పానీయంలో దాన్ని 1924 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త లిండ్నర్ మొదట గుర్తించాడు. కొన్ని గంటల్లోనే కల్లులో సారాయి నూటికి నాలుగైదు పాళ్లకు చేరుతుంది. మర్నాటికి అసిటిక్ బ్యాక్టీరియా ఎక్కువై అది వెనిగర్ దారి పడుతుంది. కల్లుకు ఆయుష్షు ఒక పూట.

ఆ ఒక్క పూటే తర్వాతి కథనంతా నడిపించింది.

ఏ పాత్ర మేలు అన్న ఇదే ప్రశ్న, గాజా ప్లాస్టిక్కా అన్న రూపంలో, అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల మధ్య చాలా ఏళ్లుగా నడుస్తోంది. అక్కడ మద్యనిషేధం 1933లో పోయినా, ఇంటి బీరుకు కేంద్ర చట్టం అనుమతి దొరకడానికి 1978 అక్టోబరు దాకా పట్టింది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశాక ఇళ్ల గ్యారేజీల్లోకి పెద్ద గాజు బుడ్లు వచ్చాయి. ఐదు గాలన్లవి, అంటే 19 లీటర్లవి. నిండితే పాతిక కిలోలు. తడి చేతిలోంచి జారితే కత్తుల కుప్ప. చేతుల నరాలు తెగినవాళ్లు ఉన్నారు. అందుకని చాలామంది ప్లాస్టిక్ బకెట్లకు మారారు. గాజు మనుషులు ఊరుకోలేదు. ప్లాస్టిక్ గోడలోంచి సన్నగా ఆక్సిజన్ లోపలికి వస్తుంది, బీరు నెలల తరబడి నిలవ ఉంటే రుచి చెడుతుంది, పైగా ప్లాస్టిక్ మీద గీతలు పడితే ఆ గీతల్లో చెడు బ్యాక్టీరియా దాక్కుంటుంది, కడిగినా పోదు అన్నారు. రెండూ నిజాలే. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం కుదరదు గనుక ఈ చర్చ మనకు వినిపించలేదు. కానీ ఆ రెండు నిజాలనూ ఈతవనంలోకి తెచ్చి చూడండి.

ఆక్సిజన్ సంగతి ఇక్కడ చెల్లదు. బీరు వారాలు, నెలలు పులుస్తుంది. కల్లు రాత్రి కట్టి పొద్దున దించి మధ్యాహ్నానికి అయిపోతుంది. ఆ కొద్ది గంటల్లో ప్లాస్టిక్ గోడ దాటి వచ్చే గాలి లెక్కకు రాదు. గీతల సంగతి మాత్రం ఇక్కడ కూడా నిజమే. నీలం లొట్టి లోపల పీచుతో రుద్ది రుద్ది గీతలు పడతాయి, ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. పాతబడ్డ డబ్బాలో పుల్లటి వాసన పట్టేస్తే అది వదలదు. మన్ను లొట్టికి ఈ జబ్బు వస్తే మందు ఉంది. కడిగి ఎండలో బోర్లించడం, మంట మీద కాచడం. ప్లాస్టిక్‌ను మంట మీద పెట్టలేం కదా.

చల్లదనం పోయింది, అదీ ఒప్పుకోవాలి. ప్లాస్టిక్ చెమర్చదు. ఎండెక్కితే లోపలి కల్లు త్వరగా పులుపెక్కుతుంది. ఈస్ట్ కాపురం కూడా పోయింది, కానీ పూర్తిగా కాదు. ఈస్ట్ లొట్టిలోంచే రావాలని లేదు. చెట్టు గాయం మీద, కత్తి అంచున, తేనెటీగ కాళ్ల మీద అది ఉంటుంది. నిన్నటి మడ్డి కాస్త అడుగున ఉంచితే కొత్త డబ్బా కూడా పని అందుకుంటుంది. రుచిలో తేడా లేదని నేను అనను. ఆ రోజు మన్ను లొట్టిలోది, నీలం లొట్టిలోది, రెండూ తాటాకు రేకలో పోయించుకుని తాగాను. మన్నుదాంట్లో పులుపు మెత్తగా వచ్చింది, చివర్లో మట్టి వాసన మిగిలింది. నీలందాంట్లో తీపి ముందు, పులుపు తర్వాత, విడివిడిగా తగిలాయి. కానీ రెండూ కల్లే. చెట్టు నుంచి దిగిన కల్లు.

మరి చెడింది ఎక్కడ? అందుకు గాజు సీసా దగ్గరికి రావాలి.

నిజాం కాలంలో ఆబ్కారీ సర్కారుకు పెద్ద రాబడుల్లో ఒకటి. 1316 ఫస్లీలో, అంటే మన లెక్కలో 1907 దగ్గర, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకు నంబరు, చెట్టుకు పన్ను, గుత్తేదారుకు పాట. పట్నంలో సేందీ దుకాణాలు, కలాలీలు. ఊళ్లో కల్లు లొట్టి నుంచి రేకలోకి, రేక నుంచి నోట్లోకి వచ్చేది. గీసినవాడు, పోసినవాడు ఒక్కడే. బాగా లేకపోతే అతని మొహం మీదే చెప్పేవాళ్లు. పట్నం పెరిగి చెట్టు దూరమయ్యాక కల్లు ప్రయాణం చేయాల్సి వచ్చింది. లొట్టి ప్రయాణానికి పనికిరాదు. అప్పుడు డిపోలు వచ్చాయి, పాత బీరు సీసాలు వచ్చాయి. సనత్‌నగర్‌లో, భువనగిరిలో ఏజీఐ గ్లాస్‌పాక్ వంటి కర్మాగారాల్లో పోతపోసే సీసాలు బీరుకు ఒక చుట్టు తిరిగి, మళ్లీ కల్లు క్రేటులో చేరాయి. తెలంగాణ పట్టణాల్లో సీసా కల్లు అనే మాటే పుట్టింది.

సీసా శుభ్రమైనది. గాజు దేనినీ పీల్చుకోదు, దేనినీ కలపదు. అమెరికాలో గాజును మెచ్చుకునేది ఇందుకే. అయితే కల్లు ఒక పూట పానీయం. దాన్ని పదుల కిలోమీటర్లు మోసి, రోజంతా క్రేటులో ఉంచి, సాయంత్రం కూడా ఒకే తెలుపుతో, ఒకే కిక్కుతో అమ్మాలంటే చెట్టు ఒప్పుకోదు. చెట్టు ఒప్పుకోని చోట పొడి వచ్చింది. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం. నిద్ర మాత్రల సరుకు. తెల్లదనానికి మరేదో, తీపికి శాకరిన్. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ శాఖ ఈ పొడి కల్లు మీద విరుచుకుపడినప్పుడు నిజామాబాద్, మెదక్ వంటి జిల్లాల ఆస్పత్రులు నిండిపోయాయి. కల్లు తాగి కాదు, ఆ కల్లు దొరక్క. వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్. నారాయణరావుపేట అప్పుడు మెదక్ జిల్లాలోనే ఉంది. సిద్దిపేట జిల్లా ఏర్పడింది ఆ మరుసటేడు అక్టోబరులో. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఈ చావులకు సీసా కారణమని నేను అనడం లేదు. సీసా చేసిన పని వేరు. అది గీసినవాడి మొహాన్ని దాచింది. మన్ను లొట్టిలో అయినా నీలం లొట్టిలో అయినా కల్లు ఎవరి చెట్టుదో, ఏ చెట్టుదో తాగేవాడికి తెలుసు. పోద్దాటి కల్లా, పండుతాటి కల్లా, ఈతదా అని పేరు పెట్టి అడిగేవాడు. సీసాలో అన్నీ ఒకటే తెలుపు. చెట్టు లేకున్నా సీసా నిండుతుంది. టీఎఫ్‌టీ అని, చెట్టు గీసేవాడికే చెట్టు అనే పద్ధతి ప్రభుత్వ కాగితాల్లో ఉంది. గీసేవాడికి చెట్టు ఇవ్వడం ఎంత అవసరమో, అతని కల్లు అతని చేతి మీదుగానే తాగేవాడికి చేరడం అంతే అవసరమని నా నమ్మకం. ఈ పనికి బరువు తగ్గించే ప్లాస్టిక్ లొట్టి అడ్డు కాదు, సాయం.

జార్జియా దేశంలో ద్రాక్షసారాను నేలలో పాతిపెట్టిన పెద్ద మట్టి కుండల్లో పులియబెడతారు. వాటిని క్వెవ్రీలు అంటారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది. మన కుమ్మరి లొట్టికి ఆ గౌరవం ఎవరూ ఇవ్వలేదు. వాడకం తగ్గితే ఆవంలో లొట్టికి చోటు తగ్గుతుంది, చేసే చెయ్యి తరం మారాక దొరకదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. నీలం లొట్టి గీసేవాడి నడుమును కాపాడిందని సంతోషిస్తూనే, కుమ్మరి పొయ్యి గురించి దిగులు పడొచ్చు. ఒకటి చెప్పడానికి రెండోది దాచక్కర్లేదు.

ఆ వరస చివర మన్ను లొట్టి ఎందుకు ఉంచావని తాతను అడిగాను. "ఎల్లమ్మకు సాక పొయ్యాలె గదా. ప్లాస్టిక్‌ల పోస్తే అమ్మ ఊకుంటదా?" అన్నాడు. ఆ చెట్టు మాను మీద గీత గాట్లు ఒక ఏడు ఇటు, ఒక ఏడు అటు, మెట్లలాగా పైకి పోతున్నాయి. లెక్కపెడుతూ పోతే ఇరవై రెండు దాకా వచ్చి, పైన మట్టల నీడలో తప్పిపోయాను.

బయల్దేరేటప్పుడు ఒక లీటరు నీళ్ల సీసాలో కల్లు పోసి ఇచ్చాడు. నేను అలవాటు కొద్దీ మూత బిగించబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు. "బిగియ్యకు బిడ్డా, పేలుతది. వదులుగ పెట్టు." బస్సులో కూర్చున్నాక లెక్కేశాను. లీటరు పులియని నీరలో 120 గ్రాముల చక్కెర ఉండి, అదంతా పులిస్తే సుమారు 30 లీటర్ల గాలి పుడుతుంది. ఎన్నో సీసాల మూతలు చేతుల్లో ఎగిరిపోయాక ఆయన నేర్చుకున్న లెక్క అది. సిద్దిపేట బస్టాండు దాకా ఆ సీసాను మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా మూత కింద నుంచి సన్నగా బుస్సుమంటూ నురుగు పొంగి, వేళ్ల మీదుగా కారింది.