కరెంటు లేని రాత్రి, ముప్ఫై గుడ్లు

కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు ఆగేలోపే ఉప్పాడ వీధంతా చీకటయింది. ఇక మిగిలింది సముద్రం హోరు. నవంబరు వాయుగుండం. కాకినాడ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని మధ్యాహ్నమే కబురొచ్చింది, బోట్లన్నీ పైకి లాగేశారు. మీరు కూర్చున్న ఇంటికి ముందు ఒకప్పుడు మరో వరస ఇళ్లుండేవి. సముద్రపు కోతకు అవి పోయాయి. అల విరిగినప్పుడల్లా నేల అదురు మీ అరికాళ్లకు తగులుతోంది.

గది మూలన మాత్రం ఎర్రటి అంకెలు వెలుగుతూనే ఉన్నాయి. 37.6.

"పెట్టె ఆరిపోలేదేంట్రా?" వంటింట్లోంచి తల్లి గొంతు.

"ఆరదమ్మా. దానికి కరెంటుతో పనిలేదు. బోటు బ్యాటరీ మీద ఉంది."

సెల్‌ఫోను లైటు వేసి దగ్గరికి జరగండి. అది ఐసు వేసి చేపలు పంపే థర్మాకోల్ పెట్టె. చలిని లోపల ఆపడానికి చేసిన గోడ వేడినీ అలాగే ఆపుతుంది కాబట్టి ఈ ఇంటి కుర్రాడు దాన్నే తీసుకున్నాడు. మూతలో చిన్న గాజుపలక. లోపల ఇనుప జల్లెడ మీద ముప్ఫై నాటుకోడి గుడ్లు, ఒక్కో దాని మీద పెన్సిలుతో తేదీ. ఇవాళ పద్దెనిమిదో రోజు. ఇంట్లో పెట్టను పొదగేస్తే పన్నెండో పదిహేనో గుడ్లు వేయగలరు, ఆ తర్వాత అది పిల్లల్ని తిప్పుకుంటూ కొన్ని వారాల పాటు గుడ్డు పెట్టదు. అందుకే ఈ పెట్టె.

పెట్టె బయట, గోడకు కొట్టిన చెక్క మీద రెండు బోర్డులున్నాయి. ఒక్కోటి అగ్గిపెట్టె కంటే పెద్దదేం కాదు. వేడిని చదివి స్విచ్చి వేసే ఈ రకాన్ని డబ్ల్యూ 1209 అంటారు. కొన్ని వందల రూపాయల సరుకు. మూడు బటన్లు, మూడంకెల డిస్‌ప్లే, ఒక నీలం రిలే, నాలుగు స్క్రూలు. రెండు స్క్రూలకు పన్నెండు వోల్టులు ఇవ్వాలి. మిగతా రెండింట్లోంచి కరెంటు రాదు. అవి ఉత్త స్విచ్చి, లోపలి రిలే వాటిని కలుపుతుంది, విడదీస్తుంది. బల్బుకు వెళ్లే తీగను మధ్యలో తెంపి ఆ రెంటికీ బిగించాలి.

టిక్.

విన్నారా? ఇప్పుడే 37.4కి దిగింది. లోపల డబ్బారేకు వెనక రెండు బల్బులు వెలిగాయి. మోటారు వాహనాల బ్రేకు లైటుకి వాడే రకం, ఒక్కోటి 21 వాట్లు. ఒకటి మాడినా రెండోది ఉంటుందని పక్కపక్కనే పెట్టాడు. కంప్యూటర్లోంచి తీసిన చిన్న ఫ్యాను ఆగకుండా తిరుగుతూ ఆ వేడిని మూలమూలకీ పంచుతోంది. అంకె మెల్లగా ఎక్కుతుంది. 37.5... 37.6... 37.7. టిక్. బల్బులు ఆరాయి.

కోరిన వేడికీ మళ్లీ వెలగాల్సిన వేడికీ మధ్య ఎంత ఎడం ఉండాలో ఈ బోర్డుకు మనమే చెప్పాలి. కొత్తగా కొన్నప్పుడు అది రెండు డిగ్రీలు ఉంటుంది. గుడ్లకు అది చాలా ఎక్కువ. అలాగని 0.1కి దించితే రిలే ఊపిరి సలపనీయకుండా టిక్కుటిక్కుమంటుంది. రెండు నిమిషాలకోసారి కొట్టుకుంటే రోజుకు 720 సార్లు, ఇరవై ఒక్క రోజులకు పదిహేను వేల పైచిలుకు. అరనిమిషానికోసారి అయితే అరవై వేలు దాటుతుంది. ఇంత చిన్న రిలేకు లోడు మీద సాధారణంగా చెప్పే ఆయుష్షు లక్ష దరిదాపు. అందుకే 0.3 దగ్గర ఆపాడు. నా లెక్కలో ఈ పెట్టె మొత్తానికీ అన్నిటికంటే ఆలోచించి పెట్టిన అంకె అదే.

సన్నటి నల్లతీగ పెట్టెలోకి దూరి సరిగ్గా గుడ్ల ఎత్తులో ఆగింది. దాని చివరి స్టీలు గొట్టంలో ఉన్నది వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే పూస. 25 డిగ్రీల దగ్గర పదివేల ఓంలు చూపిస్తుంది, 37.5 దగ్గర ఆరువేలకు కాస్త దిగువకు వస్తుంది. బోర్డు చదివేది ఆ ఓంలనే. ఈ సెన్సారును బల్బుకు ఎదురుగా పెడితే బల్బు వేడిని చదివి, గుడ్లు చల్లగా ఉండగానే ఆపేస్తుంది. పెట్టె అడుగున పడేస్తే గుడ్లు ఉడికిపోతాయి. అంకె నిజమో కాదో తేల్చడానికి ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటరే చాలు. అది నమ్మకంగా పనిచేసే చోటు సరిగ్గా ఇదే కదా. గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు పోసి రెంటినీ కలిపి ముంచాడు, తేడా ఎంతుందో చూసి బోర్డులో ఆ మేరకు సర్దాడు.

వేడిని తానే చూసుకునే పరికరం పుట్టింది కూడా కోడిగుడ్ల కోసమే. 17వ శతాబ్దం మొదట్లో కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చివాడు గుడ్లు పొదిగే పొయ్యి ఒకటి కట్టాడు. వేడి పెరిగితే గొట్టంలో ఆల్కహాలు ఉబ్బి పాదరసాన్ని నెట్టేది, పాదరసం పొయ్యికి గాలి వెళ్లే దారి మూసేది. ఉప్పాడలో ఈ మూలన టిక్కుమంటున్నది ఆ వంశానిదే.

అర్ధరాత్రి దాటింది. గాలి పెరిగింది. తలుపు సందుల్లోంచి ఉప్పు వాసన వస్తోంది. ఈ ఊళ్లో ఆ గాలికి సైకిలు గొలుసు, గొళ్లెం, టీవీ వెనక స్క్రూ, ఏవీ నిలవవు. బోర్డుల వెనక రాగి దారుల మీద కుర్రాడు రంగులేని నెయిల్ పాలిష్ పూశాడు. అయినా స్క్రూల దగ్గర పచ్చగా చిలుము మొదలైంది. బోర్డుల్ని పెట్టెలో కాకుండా బయట బిగించింది కూడా తేమ తగలకూడదనే.

గాజుపలక మీద చేత్తో తుడిచి లోపలికి చూడండి. ఒక పక్క నీళ్ల పళ్లెం, అందులో తడి గుడ్డ. బయట ఇంత ముసురు పట్టి ఉంటే లోపల నీళ్లెందుకు అనిపిస్తుంది. బయటి గాలి 25 డిగ్రీల దగ్గర 95 శాతం తేమతో ఉన్నా, అదే గాలి లోపలికెళ్లి 37.5కి వేడెక్కితే తేమ సగానికి పడిపోతుంది. ఈ చివరి మూడు రోజుల్లో గుడ్లకు కావలసింది 65 నుంచి 70 శాతం. తక్కువైతే పెంకు లోపలి పొర ఎండి పిల్లను అంటుకుపోతుంది, పిల్ల పొడవలేదు. గుడ్లను తిప్పడం కూడా ఇవాళ్టితో ఆపేశారు.

అంకె మారింది. 37.8. బల్బులు ఆరి ఉన్నాయి, అయినా ఎక్కుతోంది. 37.9. 38.1.

"అదేంటి, దానంతటదే?" అని మీరు అడుగుతారు.

"లోపల ముప్ఫై ప్రాణాలున్నాయి కదండీ. ఈపాటికి వాటి ఒంటి వేడే వస్తది. మొదటి వారం బల్బులు ఆరేవి కాదు, ఇప్పుడు వెలిగేదే తక్కువ."

38.3. ఈసారి టిక్కుమన్నది రెండో బోర్డు. దాన్ని చల్లబరిచే పద్ధతిలో పెట్టాడు. వేడి హద్దు దాటితే వేయాల్సింది బల్బును కాదు, పెట్టె పైన బిగించిన బయటకు ఊదే ఫ్యానును. అది కాసేపు తిరిగింది, 38.0 దగ్గర ఆగింది. ఈ రెండో బోర్డుకు ఇంకో పనీ ఉంది. రిలేలో మొనలు ఎప్పుడైనా అతుక్కుపోతే బల్బులు ఆరవు. అప్పుడు పెట్టెను కాపాడేది ఈ ఫ్యానే. ఒకే బోర్డుతో సరిపెట్టే వాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

బ్యాటరీ బల్ల కింద ఉంది. వేటకెళ్లినప్పుడు బోటులో లైట్లకూ జీపీఎస్‌కూ వాడేది, 35 ఆంపియర్ అవర్లది. హెచ్చరిక ఎగిరిన రోజున బోటు ఒడ్డున ఉంటుంది, బ్యాటరీ ఇంట్లో ఉంటుంది. సరిగ్గా ఆ రోజే కరెంటూ పోతుంది. నిండుగా 420 వాట్ అవర్లు. మళ్లీ పనికిరావాలంటే అందులో సగమే వాడాలి, 210. బల్బులు మూడో వంతు సేపు వెలిగితే సగటున 14 వాట్లు, ఫ్యానుకు రెండు, బోర్డులకు ఒకటి. పదిహేడు. అంటే పన్నెండు గంటలు. సాయంత్రం ఏడింటికి పోయిన కరెంటు కోసం పొద్దున్న ఏడు దాకా ఆగొచ్చు. కరెంటు ఉన్నంతసేపూ చార్జరు బ్యాటరీని నింపుతూ ఉంటుంది, పెట్టె ఎప్పుడూ బ్యాటరీ మీదే నడుస్తుంది. అందుకే మార్పిడి అన్నదే లేదు, కరెంటు పోయిన క్షణాన ఒక్క అంకె కూడా కదల్లేదు.

1996 నవంబరు 6న తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటినప్పుడు ఈ జిల్లాలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో పెద్దవాళ్లకు గుర్తే. అంత కాలం ఏ బ్యాటరీ ఆగదు. ఈ రాత్రికి మాత్రం ఆగుతుంది.

తల్లి తడి చేత్తో వచ్చి పళ్లెంలో నీళ్లు పోసింది. మీ గుండె ఝల్లుమనాల్సిన పని లేదు. పెట్టెలో 230 వోల్టుల తీగ ఒక్కటీ లేదు. పన్నెండు వోల్టులు మనిషిని పట్టుకోవు. కాకపోతే బ్యాటరీ మొనలు రెండూ పొరపాటున కలిస్తే తీగ నిప్పవుతుంది, పక్కనే థర్మాకోల్ ఉంది. బ్యాటరీని ఆనుకునే అయిదు ఆంపియర్ల ఫ్యూజు బిగించి ఉంది చూడండి. అది లేకుండా ఈ పెట్టె కట్టొద్దు.

తెల్లవారింది. మీటరు పెడితే బ్యాటరీ 12.2 చూపించింది, లెక్క తప్పలేదు. కరెంటు తొమ్మిదింటికి వచ్చింది. ఇరవయ్యో రోజు సాయంత్రం ఒక గుడ్డు మీద నెర్రె పడింది, లోపల్నుంచి కీచుమని వినిపించింది. మర్నాటి రాత్రికి ఇరవై నాలుగు పిల్లలు. మిగిలినవాటిలో రెండు పెంకు పొడిచి అలాగే ఉండిపోయాయి. తల్లి వాటిని పెరట్లోకి తీసుకెళ్లి, చాలాసేపటి దాకా లోపలికి రాలేదు.

ఇప్పుడు పిల్లలకు గంప. అదే బోర్డు, అవే బల్బులు. సెన్సారును పిల్లల వీపు ఎత్తుకు దించి వేడి 35కి పెట్టాడు, ఎడం ఒక డిగ్రీకి పెంచాడు. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి.

"బ్యాటరీ విప్పెయ్‌రా. రేపు తెల్లారుజామున వేటకెళ్తున్నాం." తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"అలాగే నాన్నా. దీనికి మోటారుసైకిలుది పెడతాను."

పక్కింటావిడ గంపలోకి తొంగి చూసింది. "మాకూ ఒకటి కట్టిపెట్టవా అబ్బాయ్? మా ఇంట్లో రెండు పెట్టలు గుడ్లు పెడతన్నాయి."

"ఆయ్, కడతాను పిన్నీ. ముందు బ్యాటరీ, ఫ్యూజు చూసుకోండి. బోర్డులంటారా, కాకినాడలో ఎప్పుడైనా దొరుకుతాయి. రెండు తెప్పించండి, ఒకటి చాలదు."