నంద్యాల లోక్‌సభ నియోజకవర్గం: ఎన్నికల చరిత్ర

ఒక రాష్ట్రపతిని, ఒక ప్రధానమంత్రిని లోక్‌సభకు పంపిన రాయలసీమ నియోజకవర్గం. ఆళ్లగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, పాణ్యం, నంద్యాల, బనగానపల్లె, డోన్ శాసనసభ స్థానాలు దీని పరిధిలోకి వస్తాయి.

1967, 1971లలో కాంగ్రెస్ నేత పెండేకంటి వెంకటసుబ్బయ్య గెలిచారు. 1977లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. ఇక్కడ జనతా పార్టీ తరఫున నెగ్గిన నీలం సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకరయ్యారు, అదే ఏడాది జూలైలో రాష్ట్రపతి అయ్యారు.

1991 ఉప ఎన్నిక కథ వేరు. ఆ ఏడాది సాధారణ ఎన్నికల్లో పోటీ చేయని పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యాక పార్లమెంటు సభ్యత్వం తప్పనిసరైంది. నంద్యాల ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థినే నిలపలేదు. బీజేపీ మాత్రం బంగారు లక్ష్మణ్‌ను దించింది. పీవీ ఆధిక్యం సుమారు 5.8 లక్షల ఓట్లు. ప్రధాన ప్రతిపక్షం లేని పోరు కాబట్టి ఆ అంకెను అలాగే చూడాలి.

1996లో పీవీ నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి నంద్యాలనే వదులుకున్నారు. ఉప ఎన్నికలో తెలుగుదేశం నుంచి భూమా నాగిరెడ్డి గెలిచి, 1998, 1999లలోనూ నిలిచారు. తర్వాత మూడుసార్లు ఎస్.పి.వై. రెడ్డి: 2004, 2009లలో కాంగ్రెస్, 2014లో వైఎస్సార్ కాంగ్రెస్, ఆ వెంటనే తెలుగుదేశం వైపు వెళ్లారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి పోచా బ్రహ్మానందరెడ్డి, 2024లో తెలుగుదేశం అభ్యర్థి బైరెడ్డి శబరి ఎన్నికయ్యారు.