హబ్షీ తిట్టు కాదు

మా కర్నూలు ఇళ్లలో నల్లటి పిల్లని 'హబ్షీ' అంటారు. చిన్నప్పుడు దస్తర్‌ఖాన్ దగ్గర ఫుప్పు అలా అంటే, చెల్లెలు ముద్ద వదిలేసి లేచిపోయింది.

హబ్షా అంటే ఇథియోపియా. మక్కాలో జుల్మ్ భరించలేక హిజ్రత్ చేసిన తొలి ముస్లింలకు పనాహ్ ఇచ్చింది అక్కడి బాద్షా నజాషీయే. మన ఆదోని కోటనేలి, జామియా మస్జిద్ కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ హబ్షీయే. బీజాపూర్ సల్తనత్‌కు వజీరయ్యాడు. 1688లో కోట మొఘలుల వశమైంది. మస్జిద్ నిలిచింది. అందులో నేటికీ సజ్దా చేస్తున్నాం.

హబ్షాలో ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటారు. ఇంజెరా అనే పుల్లట్టు తుంచి, కూరతో చుట్టి, పక్కవాళ్ల నోట్లో పెడతారు. దాన్ని గుర్షా అంటారు. ఆ రోజు చెల్లెలికి మేమెవరం అలా ఒక్క ముద్ద పెట్టలేదు.