మందు సరే... మోసేదెవరు?

2020 డిసెంబరు 8న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో 90 ఏళ్ల మార్గరెట్ కీనన్ ఫైజర్ కొవిడ్ టీకా వేయించుకున్నారు. ఆ రోజు అందరి నోటా ఆ టీకాలోని ఎంఆర్‌ఎన్‌ఏ మాటే. దాన్ని కణం లోపలికి చేర్చిన కొవ్వు రేణువును తలుచుకున్నవారు తక్కువ. నిజానికి ఆ రేణువు వెనక అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

1960ల్లో కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహాంలో అలెక్ బ్యాంగమ్ కొవ్వులను నీటిలో కలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. అవి పొరలు పొరలుగా చుట్టుకుని చిన్న సంచుల్లా కనిపించాయి. అవే లైపోసోములు. వాటిలో మందు నింపవచ్చని తేలింది కానీ, జన్యుపదార్థం దగ్గర చిక్కొచ్చింది. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలది ఋణావేశం. పట్టి ఉంచాలంటే ధనావేశమున్న కొవ్వు కావాలి. అమెరికాలో ఫిలిప్ ఫెల్గ్‌నర్ బృందం 1987లో అలాంటి కొవ్వుతోనే డీఎన్‌ఏను కణాల్లోకి పంపింది. ప్రయోగశాలలో భేషుగ్గా పనిచేసింది. ఒంట్లోకి ఎక్కిస్తే ఆ ధనావేశమే విషమైంది.

దారి చూపింది కెనడాలోని వాంకూవర్. ఆవేశం ఎప్పుడూ ఉండనక్కర్లేదు, అవసరానికి వస్తే చాలన్నది పీటర్ కల్లిస్, ఆయన సహచరుల ఆలోచన. వాళ్ల కొవ్వుకు ఆమ్లంలోనే ధనావేశం వస్తుంది, రక్తంలో దాదాపు ఉండదు. ఆల్కహాల్‌లో కరిగిన కొవ్వులు ఒక గొట్టంలో, ఆమ్లద్రావణంలో ఆర్‌ఎన్‌ఏ మరో గొట్టంలో వచ్చి కలవగానే రేణువులు వాటంతటవే కట్టుకుంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఆపైన ఆమ్లాన్ని తొలగిస్తారు. కణం రేణువును మింగి ఓ తిత్తిలో పెడుతుంది. తిత్తిలో ఆమ్లం పెరిగేకొద్దీ కొవ్వుకు ఆవేశం తిరిగొచ్చి, తిత్తి గోడను ఛేదిస్తుంది. బయటపడే సరుకు కొద్ది శాతమే, అయినా పని జరిగిపోతుంది.

ఇంకో విశేషం. రక్తంలో అపోఈ అనే ప్రోటీన్ ఈ రేణువులకు అంటుకుంటుంది. దాంతో కాలేయం వాటిని కొలెస్ట్రాల్ సరుకనుకుని లోపలికి లాక్కుంటుంది. అందుకే 2018 ఆగస్టులో అమెరికా అనుమతించిన ఈ కోవ తొలి ఆర్‌ఎన్‌ఏ మందు పాటిసిరాన్, కాలేయంలో తయారై నరాలను దెబ్బతీసే ప్రోటీన్‌పై గురిపెట్టింది.

హైదరాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. అక్కడి ఐఐసీటీ పరిశోధన సంస్థలో అరబింద చౌధురి బృందం ధనావేశ కొవ్వులపై ఏళ్ల తరబడి పరిశోధించింది. 2022 మేలో అక్కడిదే మరో సంస్థ సీసీఎంబీ స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పరిజ్ఞానాన్ని ప్రకటించింది.

2023 నోబెల్ ఎంఆర్‌ఎన్‌ఏను దారికి తెచ్చిన కరికో, వైస్‌మన్‌లను వరించింది. మోసిన రేణువుకు ఆ గౌరవం దక్కలేదు. కానీ కాలేయం దాటి గుండెకో మెదడుకో మందు చేరాలంటే, ఇప్పుడు అసలు పని ఆ రేణువు మీదే.