ఇరుసు అలసిన చరిత్ర

ట్యాంకులవంటి భారీ వాహనములలో ఇంజను బలమును పట్టాలకందించు ఉక్కు కడ్డీలు, మోయదగిన బరువునకు లోబడి పనిచేయుచునే యొకనాడు హఠాత్తుగా విరుగుచుండును. దీనినే లోహపు అలసట యందురు. ఇనుప తీగను ఒకమారు వంచిన తెగదు. అటునిటు పలుమార్లు వంచిన తెగును. ఇది మన కమ్మరులెరిగిన సంగతియే. ఆ యెరుక శాస్త్రమగుటకు మాత్రము పెక్కు ప్రాణములు బలియైనవి.

1842 మే 8వ తేదీన వెర్సాయినుండి పారిసునకు వచ్చుచున్న రైలులో ముందరి ఇంజను ఇరుసు విరిగెను. మంటలు లేచి ఏబదిమందికి పైగా మరణించిరి. దక్షిణధ్రువ సముద్రములను శోధించిన నావికుడు డ్యూమాన్ డ్యుర్విల్ వారిలో నొకడు. అదరుటచే ఇనుము స్ఫటికములుగా మారి పెళుసగునని నాడు పలువురి నమ్మిక. 1843లో రాంకిన్ ఆ నమ్మికను కాదనెను. ఇరుసు మందము మారు మూలలో చిన్న బీట పుట్టి, క్రమముగా లోనికి ప్రాకునని చూపి, ఆ మూలను వంపుగా తీర్చవలెనని చెప్పెను. పిదప ప్రష్యా రైల్వేలో వోలర్ ఏండ్ల తరబడి ఇరుసులను పరీక్షించి, 1870 నాటికి రెండు సంగతులు స్థాపించెను. బరువు స్వల్పమైనను పలుమార్లు మారినచో ఇనుము విరుగును. ఒక హద్దునకు లోపల నున్నచో ఎన్నిమార్లైనను నిలుచును.

పట్టాల బండికి ఈ కష్టము మరింత హెచ్చు. అది మలుగునపుడు ఒక పట్టా నెమ్మదించును, రెండవది వేగముగా సాగును. కడ్డీలపై మెలి క్షణక్షణము మారును. రాళ్ళ తాకుడు దీనికి తోడు. గాడులయొద్దను, పండ్ల మొదళ్ళయొద్దను బీట జనించును. విరిగిన ముఖముపై ఆల్చిప్ప గీతలవంటి నునుపైన వలయములు బీట నడచిన దారిని చెప్పును. గరుకైన భాగము తుది విరుపును తెలుపును.

చివరి గేర్ల బలమును బండి బరువునకు తగినట్లు కూర్పనిచో నేమగునో జర్మనుల పాంథర్ ట్యాంకు చాటినది. 1943లో యుద్ధమున దిగిన ఆ 45 టన్నుల బండి చివరి గేర్ల సగటు ఆయుర్దాయము 150 కిలోమీటర్లేయని 1947 నాటి ఫ్రెంచి నివేదిక తెల్పినది.

మద్రాసు చెంత ఆవడిలో 1965లో విజయంత ట్యాంకు వెలువడినది. నాటి మెదకు జిల్లా ఎద్దుమైలారములో 1984లో పట్టాల యుద్ధవాహనముల కర్మాగారమునకు పునాది పడినది. కావున ఈ చరిత్ర మనకు దూరము కాదు. కడ్డీ విరిగినప్పుడు పనివానినో, నడపువానినో నిందించుట సులభము. విరిగిన ముఖమును చదువుటయే న్యాయము.